మోకాళ్ళ మీద కెరటం: మూడు ఫిన్లా, నాలుగా?



సముద్రపు కెరటం మీద పలక వేసుకుని, దాని మీద మోకాళ్ళు మడిచి కూర్చుని, ఒడ్డు దాకా జారుతూ వచ్చే ఆట ఒకటుంది. నీబోర్డ్ సర్ఫింగ్ అంటారు. ఆ పలక అడుగున, తోక వైపు, చేప రెక్కల్లాంటివి బిగిస్తారు. అవే ఫిన్లు. మూడు బిగించాలా, నాలుగు బిగించాలా అన్నది ఆ ఆట ఆడేవాళ్ళు తెగ వాదించుకునే సంగతి. బెజవాడలో కూర్చున్న మనకెందుకీ గొడవ అంటారేమో. డెబ్భై కిలోమీటర్లు పోతే బందరు, బందరు దాటితే మంగినపూడి. సముద్రం మనకి అంత దగ్గర. విశాఖ రుషికొండలో సర్ఫింగ్ రుచి చూసి వచ్చి, ఇక్కడా ఓ పలక వేద్దామని ఉబలాటపడే కుర్రాళ్ళు నాకు తెలుసు. వాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ఇదే. దీనికి జవాబు పలకలో కొంతే ఉంది, తీరంలో ఎక్కువ ఉంది. మన తీరం సంగతి తెలిసినవాళ్ళకి జవాబు సగం దొరికినట్టే.

ముందు ఒక చిక్కు విడదీద్దాం. మోటారు బోటుకి కట్టిన తాడు పట్టుకుని, మోకాళ్ళ మీద కూర్చుని నీటి మీద జారే ఆట కూడా ఉంది. దాని పలకనీ నీబోర్డ్ అనే అంటారు. ప్రకాశం బ్యారేజీకి ఎగువన, భవానీ ద్వీపం చుట్టూ నిలిచి ఉండే కృష్ణ నీళ్ళలాంటివి ఆ ఆటకి సరిపోతాయి. అక్కడ లాగేది బోటు. నేను చెప్పేది కెరటం తోసే ఆట గురించి. ఫిన్ల లెక్కంతా అక్కడే.

మోకాళ్ళ మీద కూర్చుని కెరటాలు దాటడం మన తీరానికి కొత్తేమీ కాదు. తేలికపాటి దుంగలు చెక్కి, పక్కపక్కన పేర్చి, తాళ్ళతో బిగించి కట్టిన తెప్పలు మన జాలర్లు తరతరాలుగా వాడినవి. వేట ముగిశాక కట్లు విప్పి, దుంగలు ఇసకలో ఆరబెట్టేవారు. కంపెనీ వారి కాలంలో మద్రాసు తీరం చూసిన విదేశీయులు గీసిన బొమ్మల్లో, మడమల మీద కూర్చుని, మోకాళ్ళు దుంగలకి ఆనించి, తెడ్డుతో కెరటాల్లోకి దూసుకుపోయే మనుషులు కనిపిస్తారు. ఒడిశాలో పూరీ తీరానికి వెళ్ళినవాళ్ళు శంకువు ఆకారం టోపీలు పెట్టుకున్న నోలియాలను చూసే ఉంటారు. యాత్రికుల చెయ్యి పట్టుకుని సముద్ర స్నానం చేయించేది, మునిగేవాళ్ళని పైకి లాగేది వాళ్ళే. వాళ్ళ ఇళ్ళలో వినిపించేది తెలుగే.

తెప్పకి అడుగున ఫిన్లేమీ ఉండవు, తెడ్డే చుక్కాని. తెరచాప ఎత్తినప్పుడు మాత్రం, గాలి పక్కకి నెట్టెయ్యకుండా ఒక పలకని నీళ్ళలోకి నిలువునా దించేవారు. ఫిన్ చేసే పని మొత్తం ఆ పలకలో ఉంది. ముందుకు పోనిస్తుంది, పక్కకి పోనివ్వదు.

ఇది ఇంట్లోనే చూడొచ్చు. బకెట్ నిండా నీళ్ళు పట్టి, అందులో అట్లకాడ ముంచండి. అంచు ముందుకు పెట్టి లాగితే నీటిని కోసుకుంటూ పోతుంది. అడ్డంగా తిప్పి లాగితే నీరు చేతిని ఆపేస్తుంది. ఇప్పుడు మళ్ళీ అంచు ముందుకు పెట్టి లాగుతూ, మణికట్టు కొంచెం తిప్పండి. అట్లకాడ మీరు లాగిన దారిన రాకుండా పక్కకి తోసుకుపోతుంది. పలక మలుపు తిరిగేది ఆ పక్క తోపుడు ఆసరాతోనే. మణికట్టు మరీ ఎక్కువ తిప్పారనుకోండి, అట్లకాడ వెనక సుడులు లేచి, ఆ తోపుడు ఒక్కసారిగా పోతుంది. కెరటం మీద తోక జారిపోయిందని సర్ఫర్లు వాపోయేది సరిగ్గా ఇందుకే. ఎన్ని ఫిన్లు, ఎక్కడ, ఎంత ఏటవాలుగా అన్న చర్చంతా ఈ తోపుడు ఎక్కడ కావాలి, దానికోసం వేగం ఎంత పోగొట్టుకోవాలి అన్న బేరమే.

మొదట్లో పలకలకి ఫిన్లే లేవు. హవాయి దీవుల్లో వందల ఏళ్ళు చెక్క పలకలు నున్నటి అడుగుతోనే కెరటాల మీద తిరిగాయి. తిప్పాలంటే వెనక కాలు నీళ్ళలోకి జారవిడిచేవారు. 1935లో టామ్ బ్లేక్ అనే అమెరికన్, పాడైపోయిన స్పీడుబోటు అడుగున ఉన్న లోహపు పట్టీని ఊడదీసి తన పలకకి బిగించాడు. అదే తొలి ఫిన్.

1960ల్లో కాలిఫోర్నియాకి చెందిన జార్జ్ గ్రీనో వచ్చాడు. ఈయన నిలబడే రకం కాదు, మోకాళ్ళ మీదే స్వారీ. ట్యూనా చేప రెక్క తీరు గమనించి, పైన వెడల్పుగా, కొసకి పోయేకొద్దీ సన్నగా, వెనక్కి వాలి, కొద్దిగా వంగే ఫిన్ తయారుచేశాడు. 1966లో శాన్ డియాగోలో ప్రపంచ పోటీ గెలిచిన ఆస్ట్రేలియా ఆటగాడు నాట్ యంగ్ పలకకి ఉన్నది ఆ తరహా ఫిన్నే. 1967 ప్రాంతంలో అదే శాన్ డియాగోలో స్టీవ్ లిస్ అనే కుర్రాడు, మోకాళ్ళ స్వారీ కోసమే, పొట్టిగా, వెడల్పుగా, తోక చీలి ఉండే పలక చేసి దానికి రెండు ఫిన్లు పెట్టాడు. ఈ రోజు ఫిష్ అనే పేరుతో ప్రపంచమంతా అమ్ముడుపోయే పలకకి పుట్టుక అది. ఒలింపిక్స్‌లో నీబోర్డ్‌కి చోటు దక్కలేదు గానీ, నిలబడి ఆడేవాళ్ళ పలకల్లో మోకాళ్ళవాళ్ళ పనితనం చాలానే ఉంది.

తర్వాత రెండు ఫిన్ల కాలం. వాటి మీద మార్క్ రిచర్డ్స్ 1979 నుంచి 1982 దాకా వరసగా నాలుగు సార్లు ప్రపంచ విజేత అయ్యాడు. కానీ పెద్ద కెరటంలో రెండు ఫిన్ల తోక జారేది. ఆ బాధ పడలేక, సిడ్నీకి చెందిన సైమన్ ఆండర్సన్ మధ్యలో మూడో ఫిన్ పెట్టి, 1981లో బెల్స్ బీచ్ పోటీలో మేడలంత కెరటాల మీద దాంతోనే గెలిచాడు. ఆ ఏడాదే సిడ్నీలోనూ, హవాయిలోని పైప్‌లైన్ పోటీలోనూ గెలిచాడు. దానికి థ్రస్టర్ అని పేరు పెట్టాడు, పేటెంటు మాత్రం తీసుకోలేదు. నాలుగైదేళ్ళు తిరిగేసరికి లోకమంతా మూడు ఫిన్లే అయ్యాయి. నాలుగు ఫిన్లవీ 1980ల మొదట్లోనే పోటీల్లో కనిపించాయి. గ్లెన్ వింటన్ వాటి మీద బాగా ఆడాడు కూడా. అయినా మూడింటి హోరులో నాలుగు వెనకబడింది. 2000ల్లో మళ్ళీ వెలుగులోకి వచ్చింది. మోకాళ్ళవాళ్ళలో నాలుగుని పట్టుకు వేళ్ళాడేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఎందుకో చూద్దాం.

మూడు ఫిన్ల పలక ఒకటి తిరగేసి ఒళ్ళో పెట్టుకున్నామనుకోండి. తోక కొస నుంచి సుమారు మూడున్నర అంగుళాల దూరంలో, సరిగ్గా మధ్య గీత మీద ఒక ఫిన్. దాని రెండు ముఖాలకీ ఒకే ఒంపు. తోక నుంచి సుమారు పదకొండు అంగుళాల దూరంలో, రెండు అంచులకీ దగ్గరగా చెరొకటి. ఈ పక్క ఫిన్లని వేలితో తడిమి చూస్తే లోపలి ముఖం చదునుగా, బయటి ముఖం ఉబ్బుగా తగులుతుంది. వాటి ముందు అంచులు రవ్వంత లోపలికి తిరిగి పలక ముక్కు వైపు చూస్తుంటాయి. తేడా పావు అంగుళం ఉంటుందేమో, అంతే. కింది కొసలు బయటికి వాలి ఉంటాయి.

మధ్య ఫిన్ తోకని నిలబెడుతుంది. పలకని తిప్పితే దాన్ని ఇరుసు చేసుకుని తిరుగుతుంది. కెరటం గోడలా లేచినప్పుడు దాని మీద నిటారుగా ఎక్కి, శిఖరం దగ్గర టక్కున తిరిగి కిందికి దూకాలంటే ఆ ఇరుసు ఉండాల్సిందే. ఏం చేస్తుందో ముందే తెలిసిపోతుంది కనక భయమూ తక్కువ. అయితే దీనికి సుంకం ఉంది. మధ్య ఫిన్ ఒక దిక్కు, పక్కవి చెరో దిక్కు చూస్తుంటాయి కనక తిన్నగా పోయేటప్పుడు నీరు వెనక్కి ఈడుస్తుంది. కెరటంలో సత్తువ ఉంటే ఆ ఈడ్పు లెక్కలోకి రాదు. సత్తువ లేకపోతే పలక సగం దారిలో చతికిలపడుతుంది.

నాలుగు ఫిన్ల పలకలో మధ్య గీత ఖాళీ. అంచులకి దగ్గరగా ముందు జత, దాని వెనకే, తోకకి ఐదారు అంగుళాల్లో, కాస్త చిన్న జత. పలకని ఒక పక్కకి వాల్చగానే ఆ పక్క ఫిన్లు రెండూ కలిసి నీటిని పట్టుకుంటాయి. మధ్యలో అడ్డేమీ లేదు కనక నీరు సాఫీగా వెనక్కి పోతుంది. చిన్నా చితకా కెరటం మీద కూడా పరుగు దొరుకుతుంది. కెరటం గొట్టంలా చుట్టుకున్నప్పుడు కూడా అంచు వదలకుండా పట్టుకుంటుంది. లోటు ఎక్కడంటే, ఇరుసు లేదు కనక టక్కున తిరగదు. వెడల్పాటి వంపు తీసుకుని తిరుగుతుంది. అలవాటు లేనివాడికి తిన్నగా పోయేటప్పుడు తోక అటూ ఇటూ ఊగుతున్నట్టు ఉంటుంది.

ఇంతవరకూ నిలబడేవాళ్ళకీ మోకాళ్ళవాళ్ళకీ ఒకే లెక్క. ఇక్కణ్ణించి దారులు వేరు. నిలబడి ఆడేవాడు వెనక కాలితో మధ్య ఫిన్ పైన నొక్కి పలకని తిప్పుతాడు. మోకాళ్ళ మీద కూర్చున్నవాడికి ఆ వెనక కాలు లేదు. రెండు మోకాళ్ళూ పక్కపక్కనే ఆని ఉంటాయి. వాడు నడుం వంచి, ఒళ్ళంతా ఒక పక్కకి వాల్చి, పలక అంచుని నీళ్ళలోకి దించి తిప్పుతాడు. అంటే వాడి పనిముట్టు అంచు. పైగా రెండు మోకాళ్ళకీ చోటు కావాలి కనక ఈ పలక వెడల్పు ఎక్కువ. మామూలు పలకలు పద్దెనిమిది నుంచి ఇరవై అంగుళాలుంటే, ఇవి ఇరవై రెండు, ఇరవై నాలుగు ఉంటాయి. తోకా అంతే, వెడల్పు. అంత వెడల్పు తోకని అంచు మీదకి వాల్చగానే మధ్య గీత నీటి నుంచి పైకి లేస్తుంది. మధ్య ఫిన్ కూడా దాంతో లేచి, సరిగ్గా అవసరమైన వేళ పట్టు సడలిస్తుంది. అంచు దగ్గర ఉన్న జత మాత్రం నీళ్ళలోనే ఉంటుంది. మోకాళ్ళవాళ్ళు నాలుగు వైపు మొగ్గడానికి అసలు కారణం ఇది.

దీనికీ ఎదురు వాదం ఉంది, అదీ న్యాయమైనదే. మోకాళ్ళ మీద బరువు నీటికి బాగా దగ్గరగా ఉంటుంది. కాళ్ళకి తొడుక్కున్న రబ్బరు ఫిన్లు తోక వెనక నీళ్ళకి తగులుతూ ఉంటాయి. కాబట్టి నిలబడినవాడికి దొరకని నిలకడ వీడికి ఎలాగూ ఉంది. తోక సన్నంగా చేయించుకుంటే మధ్య ఫిన్ పైకి లేచే బెడదా తగ్గుతుంది. అలాంటప్పుడు శిఖరం దగ్గర టక్కున తిరిగే ముచ్చట వదులుకోవడం ఎందుకు అంటారు మూడువాళ్ళు. గోడలా నిలబడే కెరటం రోజూ ముంగిట్లో ఉన్నవాళ్ళకి ఆ మాట నిజమే.

మరి మన ముంగిట్లో ఉన్నదేమిటి? చరిత్ర చూస్తే తెలుస్తుంది. 1611లో ఇంగ్లీషువాళ్ళు బందరులో ఫ్యాక్టరీ పెట్టారు. డచ్చివాళ్ళు అంతకు ముందే వచ్చారు. అంత పేరున్న రేవులో పెద్ద ఓడలు ఒడ్డు దాకా వచ్చేవి కావు. మైళ్ళ దూరంలో లంగరు వేసుకుంటే, సరుకంతా చిన్న పడవల మీద తేవాల్సి వచ్చేది. కారణం లోతు లేకపోవడం. కృష్ణమ్మ వేల ఏళ్ళుగా తెచ్చి పోసిన ఒండ్రు సముద్రం అడుగున పరుపులా పరుచుకుని ఉంది. మంగినపూడిలో ఇసక బదులు నల్లమట్టి కాలికి తగిలేది అందుకే. ఆ రోజు ఓడని ఆపిన ఒండ్రే ఈ రోజు కెరటం సత్తువ తీసేస్తోంది. లోతు నీళ్ళలో వచ్చే కెరటం హఠాత్తుగా మెట్టు తగిలితే గోడలా లేచి విరుగుతుంది. మన దగ్గర మెట్టు లేదు, వాలు ఉంది. అందుకని కెరటం దూరంగానే నురగెత్తి, మెల్లమెల్లగా కూలుతూ, ఒడ్డుకి చేరేసరికి నీరసపడిపోతుంది. దాని మీద నిటారుగా ఎక్కడానికి గోడే లేదు. గోడ లేని చోట ఇరుసు దేనికి? కావలసింది నీరసపు కెరటం మీద కూడా పరుగు తీసే పలక. అందుకే మన తీరానికి నా ఓటు నాలుగుకి.

మా మేనల్లుడు ఒకడు మద్రాసు నుంచి సెకండ్ హ్యాండ్ నీబోర్డ్ తెచ్చుకుని, ఇదే ప్రశ్నతో ఫోను చేశాడు.

“మావయ్యా, చుట్టూ తిప్పకుండా ఒక్క మాటలో చెప్పు. మూడా, నాలుగా?”

“ఎక్కడ దిగుతావురా?”

“ఇంకెక్కడ, బందర్లోనే.”

“అయితే నాలుగు.”

“సూర్యలంకకి పోతే?”

“అక్కడ ఇసక కాస్త నయం గానీ, నాలుగే.”

“వైజాగ్ పోతే?”

“అక్కడ ఒడ్డు కాస్త నిట్రం. కెరటం నిలబడ్డ రోజున మూడు పెట్టి చూడు.”

“అంటే రెండు పలకలు కొనాలా మావయ్యా? మా నాన్న చంపేస్తాడు.”

“నీ పలక తిరగేసి ఫిన్లు దిగే గూళ్ళు ఎన్నున్నాయో లెక్కపెట్టు ముందు.”

లెక్కపెట్టాడు, ఐదున్నాయి. వాడి కష్టం అక్కడితో తీరింది. పూర్వం ఫిన్లని ఫైబర్‌తో పలకకి అతికించేసేవారు. ఒకసారి మూడంటే జన్మంతా మూడే. 1990ల నుంచి ఊడదీసి బిగించుకునే ఫిన్లు వచ్చాయి. అంచుల దగ్గర నాలుగు గూళ్ళు, మధ్యలో ఒకటి ఉన్న పలక కొనుక్కుంటే, ఏ ఊరి కెరటానికి ఆ ఊరి లెక్క. కొనేముందు ఇది చూసుకోండి. తర్వాత గూడు చెక్కించడం ఖర్చుతో కూడిన పని.

తేడా మీరే తేల్చుకోవాలంటే ఒక పద్ధతి పాటించండి. ఒకే పూట, ఒకే చోట, అదే పలక మీద కొన్ని కెరటాలు నాలుగుతో, కొన్ని మూడుతో తీసుకోండి. మరో రోజుకి వాయిదా వేస్తే కెరటం మారిపోతుంది, ఏది దేనివల్ల జరిగిందో తెలియదు. మలుపులో తోక జారిందా, మధ్యలో పరుగు ఆగిందా అన్న రెండు సంగతులే గుర్తుపెట్టుకోండి. నాలుగు మరీ బిగుసుకుపోయి తిరగనంటే, వెనక జత ఇంకా చిన్నవి పెట్టండి. మూడుతో పలక ఈడుస్తోందంటే, మధ్య ఫిన్ మాత్రం చిన్నది చేయండి. మూడుకీ నాలుగుకీ మధ్య ఇలాంటి మెట్లు చాలా ఉన్నాయి. చాలా తగువులు ఈ మెట్ల దగ్గరే తీరిపోతాయి.

వేళ కూడా చూసుకోవాలి. మన దగ్గర పొద్దున్నే నేల మీది గాలి సముద్రం వైపు వీస్తుంది. కెరటం ముఖం నున్నగా ఉంటుంది. మధ్యాహ్నం గాలి తిరిగి సముద్రం మీద నుంచి కొట్టడం మొదలుపెడితే అంతా చెల్లాచెదురు. నైరుతి రుతుపవనాల నెలల్లో దక్షిణాన ఎక్కడో హిందూ మహాసముద్రంలో పుట్టిన పొడవాటి కెరటాలు మన దాకా వస్తాయి. బందరులో నాలుగో ఐదో మంచి కెరటాలు దొరికే అదను అదే. అక్టోబరు దాటాక తుపాన్ల కాలం. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమకి ఏం చేసిందో మీకు నేను చెప్పక్కర్లేదు. తుపాను హెచ్చరిక వినిపించిన రోజున పలక అటక మీదే ఉండాలి.

ఇంకొక్క హెచ్చరిక. హంసలదీవి దగ్గర నది నీరూ సముద్రపు నీరూ కలిసే చోట లాగుడు ఎక్కువ. అక్కడ ఏ ఫిన్లూ కాపాడవు. ఎక్కడ దిగినా పలకని కాలికి కట్టుకునే తాడు, కాళ్ళకి రబ్బరు ఫిన్లు ఉండాలి. ఒంటరిగా దిగకూడదు. దిగేముందు ఒడ్డున వల బాగుచేసుకుంటున్న జాలరిని పలకరించి, నీరు ఎటు లాగుతోందో, వలలు ఎక్కడ వేసి ఉన్నాయో అడగండి. లోతు మోకాలికి తగ్గకముందే పలక దిగండి. మూడైనా నాలుగైనా ముందు ఫిన్లు నాలుగున్నర అంగుళాల దాకా కిందికి ఉంటాయి. నల్లమట్టిలో దిగబడితే పలక అక్కడే ఆగుతుంది, మీరు మాత్రం ముందుకు పోయి బోర్లా పడతారు.

కనక బందరుకి, సూర్యలంకకి నాలుగు బిగించుకుని వెళ్ళండి. రుషికొండ వైపు వెళ్ళేటప్పుడు మధ్య ఫిన్ కూడా సంచిలో పడెయ్యండి. కెరటాన్ని ఒడ్డున నిలబడి ఓ పది నిమిషాలు చూశాక, ఏది బిగించాలో అప్పుడు తేల్చుకోండి. ఫిన్లు బిగించే ఆ చిన్న అలెన్ కీ మాత్రం ఇంట్లో మరిచిపోకండి. అది లేకపోతే ఐదు గూళ్ళున్నా ఒకటే, లేకపోయినా ఒకటే.